తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని

మీ హాస్టల్ రూమ్ తలుపుకి వేలాడే తాళం కప్పని ఒకసారి తిప్పి చూడండి. చాలావాటి మీద ‘6 లివర్స్’ అనో ‘7 లివర్స్’ అనో చెక్కి ఉంటుంది. షాపులో అడిగితే ఎన్ని లివర్లుంటే అంత గట్టిది అంటారు. మనం డబ్బులిచ్చి తెచ్చేసుకుంటాం. మూడు సెమిస్టర్లుగా పాస్‌వర్డ్‌లూ ఎన్‌క్రిప్షనూ అని తెగ చదువుతున్నాం కానీ, రోజూ చేత్తో పట్టుకునే ఆ ఇనప ముక్క లోపల ఏం జరుగుతుందో మాత్రం ఎవరం అడగం. సంక్రాంతి సెలవులు దగ్గరపడుతున్నాయి. మన ఇళ్ళల్లో సగం ఇళ్ళకి తాళాలు పడతాయి. అందుకే ఈ సంచికకి ఇదే రాద్దామనుకున్నా.

తాళం కప్ప లోపల పలుచటి లోహపు రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. వాటినే లివర్లు అంటారు. ఒక్కో రేకులో చిన్న గాడి, దాన్ని కిందికి నొక్కి పట్టే స్ప్రింగు ఉంటాయి. తాళంచెవికి ఉన్న పళ్ళు ఒక్కో రేకుని ఒక్కో ఎత్తుకి లేపుతాయి. అన్ని గాళ్ళూ ఒకే వరసలోకి వస్తేనే బోల్టు కదులుతుంది. ఒక్క రేకు కొంచెం తక్కువ లేచినా, కొంచెం ఎక్కువ లేచినా అంతే సంగతులు. ‘ఎక్కువ లేచినా తెరుచుకోదు’ అనేదే అసలు తెలివి. 1778లో ఇంగ్లండులో రాబర్ట్ బారన్ అనే ఆయన దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు తాళాల్లో అడ్డుని ఎలాగోలా పైకి నెట్టేస్తే చాలు, పని అయిపోయేది.

ఇప్పుడు మన లెక్క వేద్దాం. ఒక్కో లివర్‌కి నాలుగు ఎత్తులు సాధ్యం అనుకుందాం. 7 లివర్లకి 4ని ఏడుసార్లు గుణిస్తే 16,384. అంటే అన్ని రకాల తాళంచెవులు ఒక్కొక్కటీ పెట్టి చూస్తే తప్ప తెరుచుకోకూడదు. వినడానికి బానే ఉంది. బ్రూట్ ఫోర్స్ చేసేంత ఓపిక ఏ దొంగకి ఉంటుంది?

కానీ తాళం తెరిచే నేర్పున్నవాడు 16,384 సార్లు ప్రయత్నించడు. బోల్టుని కొంచెం తిప్పి ఒత్తిడిలో పెడతాడు. ఎంత మంచి ఫ్యాక్టరీలో చేసినా రేకులన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా రావు కదా. అందుకే ఆ ఒత్తిడికి ఏదో ఒక రేకు ముందు బిగుసుకుంటుంది. దాన్ని మెల్లగా లేపుతూ పోతే సరైన ఎత్తు రాగానే పట్టు వదిలినట్టు చేతికి తెలుస్తుంది. ఆ తర్వాత ఇంకోటి బిగుసుకుంటుంది. అలా ఒక్కొక్కటీ. లెక్క 4ని ఏడుసార్లు గుణించడం కాస్తా 4 ఇంటూ 7 అయిపోయింది. 28! పాస్‌వర్డ్ మొత్తం ఒకేసారి సరిచూడకుండా "మొదటి అక్షరం కరెక్టే, రెండోది తప్పు" అని చెప్పే వెబ్‌సైట్‌ని ఊహించుకోండి. తాళం చేసే పని అదే. తన రహస్యాన్ని ముక్కలు ముక్కలుగా బయటికి చెప్పేస్తుంది. మన భాషలో దీన్ని సైడ్ ఛానల్ లీక్ అంటారు. కంప్యూటర్లు పుట్టకముందే తాళాలవాళ్ళకి ఇది తెలుసు.

ఎంత బాగా తెలుసో చెప్పే కథ ఒకటుంది. లండన్‌లో జోసెఫ్ బ్రామా అనే తాళాల తయారీదారు 1784లో ఒక కొత్త తాళానికి పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత 1790 నుంచి దాన్ని తన షాపు కిటికీలో పెట్టి, దీన్ని తెరిచినవాళ్ళకి 200 గినీలు ఇస్తామని బోర్డు కట్టారు. అరవై ఏళ్ళు దాటినా ఎవరివల్లా కాలేదు. మరోవైపు 1818లో జెరమయా చబ్ ఇంకో తాళం తెచ్చాడు. దాని పేరే డిటెక్టర్ లాక్. ఎవడైనా కెలికితే, ఒక్క లివర్ ఎక్కువ లేచినా తాళం బిగుసుకుపోయి, "ఎవడో నన్ను ముట్టుకున్నాడు" అని యజమానికి తెలియజేస్తుంది. మనకిప్పుడు మెయిల్‌కి వచ్చే ‘కొత్త పరికరం నుంచి లాగిన్ అయ్యారు’ అలర్ట్‌కి ముత్తాత అన్నమాట.

1851లో లండన్ గ్రేట్ ఎగ్జిబిషన్‌కి అమెరికా నుంచి ఆల్‌ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అనే తాళాల మనిషి వచ్చాడు. చబ్ తాళాన్ని అందరి ముందూ అర్ధగంటలోపే తెరిచేశాడు. బ్రామా తాళానికి 16 రోజుల్లో మొత్తం 51 గంటలు పట్టింది, కానీ అదీ తెరిచి 200 గినీలు పట్టుకుపోయాడు. ఊరంతా గగ్గోలు. తాళాల లోపాలు ఇలా బహిరంగంగా చెప్తే దొంగలకి నేర్పినట్టు కాదా అని పెద్దమనుషులు కోప్పడ్డారు. దొంగలకి ఆ విద్య ముందే వచ్చు, తెలియంది కొనుక్కునే అమాయకులకే అన్నది హాబ్స్ వైపు వాదన. సాఫ్ట్‌వేర్‌లో బగ్ దొరికితే బయటపెట్టాలా వద్దా అని మనవాళ్ళు ఈరోజుకీ కొట్టుకుంటున్నది ఇదే గొడవ మీద. నేను మాత్రం హాబ్స్ పార్టీ.

ఇంతా చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. మన దగ్గర ఇళ్ళల్లో పడే దొంగలు చాలామందికి ఈ విద్యతో పనే లేదు. వాళ్ళ చేతిలో ఉండేది ఒక ఇనప రాడ్డు. వాళ్ళు చూసేది తాళాన్ని కాదు, గొళ్ళేన్ని.

పోయిన సంక్రాంతికి మా పిన్నీవాళ్ళు ఇంటికి తాళం వేసి నాలుగు రోజులు ఊరెళ్ళారు. తిరిగొచ్చేసరికి వెనక తలుపు తీసి ఉంది. తాళం కప్ప మాత్రం వేసింది వేసినట్టే ఉంది, చెక్కుచెదరలేదు. గొళ్ళెంతో సహా ఊడొచ్చి నేల మీద పడి ఉంది. ఏడు లివర్ల తాళాన్ని తలుపుకి పట్టి ఉంచింది అంగుళం కూడా లేని నాలుగు స్క్రూలు. అవి కూడా వానలకి నాని మెత్తబడ్డ చెక్కలో ఉన్నాయి. తాళం వేసితిని గొళ్ళెం మరిచితిని అన్న సామెత చిన్నప్పట్నుంచీ నవ్వులాటకే విన్నా. ఆ రోజు ఆ గుమ్మం దగ్గర ఎవరికీ నవ్వు రాలేదు.

కాబట్టి ఇంటికెళ్ళగానే ముందు చూడాల్సింది తాళాన్ని పట్టి ఉంచేవాటినే. గొళ్ళేనికి స్క్రూలు కాకుండా తలుపుకి అటూ ఇటూ పోయే బోల్టులు వేయించి, లోపలివైపు నట్టు బిగిస్తే బయటినుంచి రాడ్డు పెట్టి లాగినా అంత తేలిగ్గా రాదు. కార్పెంటర్‌కి అరగంట పని. ముందు తలుపుకి టేకు చెక్క, ఇత్తడి గడియ, గణపతి బొమ్మ అన్నీ ఉంటాయి. వెనక తలుపు మాత్రం పలచటి ప్లైవుడ్. దొంగ ఎటు వస్తాడో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. బాత్రూమ్ వెంటిలేటర్‌కి, పాత కూలర్ తీసేసిన కిటికీకి, మేడ మీద మెట్ల గది తలుపుకి ఇనప గ్రిల్ ఉందా లేదా అని కూడా ఓ లుక్కెయ్యండి. అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు కదా అని బాల్కనీ తలుపు వదిలేసేవాళ్ళు ఉంటారు. పక్కనే డ్రైనేజీ పైపు నిచ్చెనలా ఉంటుంది.

ఏ తాళమూ శాశ్వతంగా ఆపదు, కొంతసేపు ఆపుతుంది అంతే. విదేశాల్లో ఇనప్పెట్టెలకి ఇచ్చే రేటింగులు కూడా నిమిషాల్లోనే ఉంటాయి. టీఎల్-15 అంటే పనిముట్లతో కొడుతూ ఉంటే 15 నిమిషాలు తట్టుకుంటుందని, టీఎల్-30 అంటే 30 నిమిషాలని. అంటే మనం కొనేది టైము. దొంగ దగ్గర లేనిదీ అదే. ఒక్క దెబ్బకి వచ్చే గొళ్ళెం ఐదు నిమిషాలు పట్టేలా చేస్తే, ఆ ఐదు నిమిషాల చప్పుడుకి పక్కింటివాళ్ళు లేస్తారేమో అని వాడికే భయం.

సరే, ఇంట్లో ఎవరూ లేరని వాడికెలా తెలుస్తుంది? ఇదీ లీకే. తలుపుకి బయట వేలాడే పెద్ద తాళం కప్ప వీధి చివరికి కనిపిస్తుంది. గేట్లో రెండ్రోజుల పేపర్లు, పాల ప్యాకెట్లు. పట్టపగలు కూడా వెలుగుతున్న వరండా లైటు. అన్నిటికన్నా పెద్ద సిగ్నల్ మన దగ్గరే ఉంది, ముగ్గు. ధనుర్మాసంలో వీధి వీధంతా ముగ్గులు వేసి గొబ్బెమ్మలు పెట్టి ఉంటే, ఒక్క ఇంటి ముందు మాత్రం నిన్నటి దుమ్ము అలాగే ఉంటే ఇంక బోర్డు పెట్టక్కర్లేదు. మా పిన్నీవాళ్ళ వీధిలో ఇప్పుడు ఒక ఒప్పందం ఉంది. ఎవరు ఊరెళ్ళినా పక్కింటివాళ్ళు పొద్దున్నే నీళ్ళు చల్లి రెండు గీతలు గీసేస్తారు, గేట్లో పడ్డవి తీసేస్తారు. ఖర్చు సున్నా. నాకు తెలిసి ఇంతకన్నా మంచి సెక్యూరిటీ ప్యాచ్ లేదు.

లైటు విషయంలో టైమర్ ఉన్న ప్లగ్గు పెడితే సాయంత్రం వెలిగి రాత్రికి ఆరిపోతుంది. బయటికి తాళం కనబడకుండా తలుపులోనే ఇమిడిపోయే లాక్ పెట్టించుకోవడం, లేదంటే గ్రిల్‌కి లోపలివైపు తాళం వేసి కర్టెన్ దించడం మంచిది. ఇక బస్సెక్కగానే ‘ఫ్యామిలీతో నాలుగు రోజులు, బై బై సిటీ’ అని స్టోరీ పెట్టే అలవాటు గురించి నేను చెప్పక్కర్లేదు. తిరిగొచ్చాక పెట్టినా లైకులు అవే వస్తాయి.

పండగల ముందు పోలీసులు ప్రతి ఏడూ చెప్పే మాట ఒకటుంది: ఊరెళ్తే దగ్గర్లోని స్టేషన్‌లో చెప్పి వెళ్ళండి అని. చాలామంది నవ్వేసి వదిలేస్తారు కానీ, చెప్తే రాత్రి బీటు కానిస్టేబుల్ తిరిగే దారిలో ఆ ఇల్లు కూడా చేర్చే అవకాశం ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసులు లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్ అని, పొట్టిగా ఎల్‌హెచ్‌ఎంఎస్, ఒకటి తెచ్చారు. యాప్‌లో నమోదు చేసుకుని ఊరెళ్ళే తేదీలు చెప్తే, పోలీసులే వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు. లోపల కదలిక ఉంటే కంట్రోల్ రూమ్‌కి అలర్ట్ వెళ్తుంది. దీనికి డబ్బు తీసుకోరు. మీ స్టేషన్ పరిధిలో ఇప్పుడు నడుస్తోందో లేదో ఒకసారి అడిగి కనుక్కోండి.

సొంతంగా కెమెరాలు పెట్టుకునేవాళ్ళకి రెండు మాటలు. ఒకటి, రికార్డు అయ్యే డీవీఆర్ పెట్టెని టీవీ కింద పెట్టకండి. తెలివైన దొంగ పోతూ పోతూ దాన్ని కూడా చంకలో పెట్టుకుపోతాడు. అటక మీదో, తాళం ఉన్న కప్‌బోర్డులోనో పెట్టి, ఫోన్‌కి అలర్ట్ వచ్చేలా చూసుకోవాలి. వారం తర్వాత వచ్చి వీడియో చూసుకోవడమంటే దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టే. రెండు, పాస్‌వర్డ్ మార్చండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇళ్ళల్లోని కెమెరాలని, డీవీఆర్‌లని, రౌటర్లని లక్షల్లో ఆక్రమించింది. అదేమీ మహా మేధావి ఎటాక్ కాదు. కంపెనీ పెట్టి పంపిన యూజర్‌నేమ్ పాస్‌వర్డ్‌లు ఓ అరవై జతల జాబితా, అంతే. ‘అడ్మిన్, అడ్మిన్’ లాంటివి. ఆ ఏడాది అక్టోబర్ 21న దాని దెబ్బకి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు గంటల తరబడి చాలామందికి తెరుచుకోలేదు. రాసింది మన వయసు కుర్రాళ్ళే, తర్వాత దొరికిపోయారు. ఇంటికి కాపలా పెట్టిన కెమెరానే ఇంటి లోపల చూసే కన్ను అవ్వకూడదంటే ఆ డిఫాల్ట్ పాస్‌వర్డ్ మొదటి రోజే పోవాలి.

ఇప్పుడు తాళంచెవుల సంగతి. మన రాష్ట్రాల్లో ఏ ఇంటికెళ్ళినా స్పేర్ తాళంచెవి ఉండే చోట్లు నాలుగే: పట్టా కింద, పూలకుండీ వెనక, చెప్పుల స్టాండ్‌లో, కరెంటు మీటర్ బాక్స్ పైన. 1883లో కెర్కాఫ్స్ అనే భాషల పంతులు ఒక సూత్రం రాశాడు, క్రిప్టో క్లాసులో వింటాం. వ్యవస్థ మొత్తం శత్రువుకి తెలిసిపోయినా, ఒక్క కీ మాత్రం తెలియకపోతే చాలు, భద్రంగా ఉండాలి అని. మనం దానికి తలకిందులుగా, కీని వ్యవస్థలోనే పెట్టేశాం. బీరువా కూడా అంతే. బీరువా తాళంచెవి ఎక్కడుంటుంది? బీరువా పైన, లేదా పక్క అలమరలో చీరల మడతల్లో. ఇది మీకూ తెలుసు, నాకూ తెలుసు, వాడికీ తెలుసు. స్పేర్ చెవి నమ్మకమైన పక్కింటి పిన్నిగారి దగ్గర ఉండటమే నయం.

కాకపోతే తాళంచెవి చేతులు మారిన ప్రతిసారీ గుర్తుపెట్టుకోవాలి. అద్దె ఇంట్లోకి కొత్తగా దిగితే పాత అద్దెవాళ్ళ దగ్గర నకలు చెవి ఉండొచ్చు. అందుకే మొదటి రోజే తాళం మార్చడం తప్పు కాదు, ఓనర్ గారు ఏమనుకున్నా సరే. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. హాస్టళ్ళల్లో ఒక బ్లాక్ మొత్తానికి ఒకే మాస్టర్ కీ ఉండే పద్ధతిలో ఇంకో తిరకాసు ఉంది. మాట్ బ్లేజ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 2003లో ఒక పేపర్ ప్రచురించాడు. అలాంటి చోట తన గదికి మామూలు తాళంచెవి ఉన్న మనిషి, కొన్ని ఖాళీ చెవులతో, తన తాళం మీదే ప్రయత్నిస్తూ మాస్టర్ కీ ఆకారాన్ని కనుక్కోగలడని చూపించాడు. మళ్ళీ అదే లెక్క, ఒక్కో స్థానం విడివిడిగా దొరికిపోతుంది. తాళాలవాళ్ళకి ఇది ఎప్పట్నుంచో తెలిసిన గుట్టే. మాస్టర్ కీ ఉన్న చోట ఖరీదైన వస్తువులు గది తాళాన్నే నమ్ముకుని ఉండకూడదు, లోపల ఇంకో తాళం కావాలి.

బంగారం దగ్గరికొద్దాం, ఎందుకంటే మన ఇళ్ళల్లో పోయేది ముఖ్యంగా అదే. మా పిన్నికి పోయినవి రెండు జతల గాజులు, నల్లపూసలు, మా అమ్మమ్మ ఇచ్చిన కాసుల పేరు. స్టేషన్‌లో ఎస్సై గారు అడిగిన మొదటి ప్రశ్న "ఎంత బరువు, ఎలా ఉంటాయి, ఫోటోలున్నాయా?" అని. బిల్లులు లేవు. ఫోటోలంటే పెళ్ళి ఆల్బమ్ తప్ప ఏమీ లేవు. దాంట్లో కూడా కాసుల పేరు సగం పూలదండ కింద ఉంది. కొన్ని నెలల తర్వాత వేరే కేసులో దొరికినవాళ్ళ దగ్గర గాజులు బయటపడ్డాయి. వాటిని తనవే అని చెప్పడానికి పిన్నికి పనికొచ్చింది ఆ ఆల్బమ్ ఒక్కటే. కాసుల పేరు అప్పటికే కరిగించేశారు. పిన్ని ఇప్పటికీ గాజుల గురించి మాట్లాడదు, దాని గురించే మాట్లాడుతుంది.

అందుకే ఈ సెలవుల్లో ఒక గంట పని పెట్టుకోండి. అమ్మనో నాన్నమ్మనో కూర్చోబెట్టి ఒక్కో నగకి ముందూ వెనకా ఫోటోలు తీయండి, పక్కన స్కేలు పెట్టి. బరువు, ఎక్కడ కొన్నారు, ఏ రాయి ఊడి మళ్ళీ అతికించారు, ఏ కొక్కెం వంకరగా ఉంది, ఇవన్నీ రాయండి. అమ్మలకి ఆ వివరాలు బాగా గుర్తుంటాయి, అడిగేవాళ్ళు లేరంతే. 2021 తర్వాత కొన్న హాల్‌మార్క్ నగలైతే వాటి మీద ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ ఉంటుంది. ఒక్కో నగకి ఒక్కో నంబర్. భూతద్దం పెట్టి చదివి రాసుకోండి. కరిగిస్తే ఆ నంబర్ పోతుంది, నిజమే. కానీ కరగకముందు దొరికితే దాన్ని మించిన సాక్ష్యం లేదు. దొరికిన సొమ్ము కూడా నేరుగా ఇంటికి రాదు. మెజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేసి తెచ్చుకోవాలి, అక్కడ కూడా ఈ కాగితాలే అడుగుతారు.

బ్యాంకు లాకర్ ఇంటికన్నా భద్రం, సందేహం లేదు. కాకపోతే దాంట్లో ఏం పెట్టినా పోతే బ్యాంకు ఇచ్చేస్తుందని అనుకోవద్దు. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం, 2022 జనవరి 1 నుంచి, దొంగతనం, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసం లాంటివాటికి బ్యాంకు బాధ్యత లాకర్ ఏడాది అద్దెకి వంద రెట్ల వరకే. అద్దె 2,000 అయితే 2 లక్షలు. ఇప్పటి ధరల్లో దానికి ఎన్ని కాసులొస్తాయో మీరే చూసుకోండి. బ్యాంకు తప్పు లేకుండా వరదకో భూకంపానికో పోతే ఆ మాత్రం కూడా రాదు. మిగతా విలువకి ఇన్సూరెన్స్ మనమే చేసుకోవాలి. ఇంట్లో ఎవరూ లేకుండా ఎన్ని రోజుల వరకు కవర్ ఉంటుందో పాలసీలో చూసి మరీ తీసుకోవాలి.

ఇంత చేసినా తలుపు విరిగి కనిపిస్తే లోపలికి పరుగెత్తకండి. వాడు ఇంకా లోపలే ఉండొచ్చు. బయట నిలబడి 112కి ఫోన్ చేయండి. క్లూస్ టీమ్ వచ్చేదాకా బీరువా సర్దకండి, గడియలు ముట్టుకోకండి. అమ్మకి ఇది చెప్పడం కష్టం, చిందరవందరగా ఉంటే ఆవిడ చేతులు ఆగవు. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వచ్చు, మా పరిధి కాదు పొమ్మనడానికి లేదు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇస్తారు, అడిగి తీసుకోండి.

మన గదుల్లో బంగారం లేదు, లాప్‌టాప్‌లున్నాయి. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే దొంగకి దొరికేది మెషీన్ మాత్రమే, మీ ఫోటోలు, ప్రాజెక్టులు, లాగిన్లు కాదు. రికవరీ కీని మాత్రం అదే లాప్‌టాప్ బ్యాగులో కాగితం మీద పెట్టకండి. కింద అంటించి ఉన్న సీరియల్ నంబర్‌ని ఫోటో తీసుకోండి. ఫోన్ పోతే ముందు ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీతో సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎమ్ఈఐ నంబర్‌ని బ్లాక్ చేయించుకోవచ్చు. ఇంక దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ అది పనిచేయకుండా ఆపుతారు. ఆ నంబర్ కోసం *#06# కొడితే పదిహేను అంకెలు వస్తాయి, రెండు సిమ్ముల ఫోన్‌కి రెండు నంబర్లు. ఇవాళే చూసుకోండి, ఇంట్లోవాళ్ళ ఫోన్లవి కూడా. అయితే స్క్రీన్‌షాట్ తీసి ఆ ఫోన్‌లోనే దాచుకుంటే ఏం లాభం లేదు, ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి రండి.